చవక ట్యాబ్ కొనదగునా? - రైతు కుటుంబమునకు లాభనష్టముల లెక్క

కొంతకాలము క్రితము వరకు పట్టణములలో మాత్రమే కనిపించిన ట్యాబ్ నేడు పల్లెలలోని ఇండ్లకు కూడ వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులను పంచిపెట్టినప్పుడు, అంతకు ముందు దానిని చేతపట్టి ఎరుగని కుటుంబములు పెక్కు దాని ఉపయోగమును, దానితో వచ్చు చిక్కులను కూడ కన్నులార చూచినవి. ఇప్పుడు సుమారు 6 వేలు మొదలు 15 వేల రూపాయల వరకు వెలగల ట్యాబులు బజారులో పలు రకములు కలవు. "మనమును ఒకటి కొందమా?" అను ప్రశ్న రైతుల ఇండ్లలో తరచు వినవచ్చుచున్నది.

ఈ ప్రశ్న సాధారణముగా జూన్ మాసములో పుట్టును. బడులు తెరచునది ఆ మాసముననే. విత్తనములకు, దుక్కులకు, ఎరువులకు డబ్బు కావలసినదియు ఆ మాసముననే. చేతనున్న పది వేలు ట్యాబుకు పెట్టి, విత్తనములకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రైతుకు ట్యాబు మంచిదే అయినను ఆ బేరము మంచిది కాదు. అట్లని పిల్లల చదువుకు నిజముగా అవసరమైన సాధనమును "మనకెందుకు" అని త్రోసివేయుటయు తగదు. కనుక పంట విషయములో మనము వేయు లెక్కనే దీనికిని వేసి చూచుట మేలు. ఆ లెక్క ఎట్లు వేయవలయునో ఈ వ్యాసములో వివరింపబడినది.

ట్యాబ్ అనగా నేమి?

పలక వలె చదునుగా నుండి, తెరను వ్రేలితో తాకి పనిచేయించు కంప్యూటరే ట్యాబ్. లోపలి యంత్రాంగము స్మార్ట్‌ఫోనులో నున్నట్టిదే. చవక ట్యాబులన్నియు దాదాపుగా ఆండ్రాయిడ్ పద్ధతిపై నడచును. ముఖ్యమైన భేదము తెర వైశాల్యము. సాధారణముగా వాడుకలో నున్న 6.5 అంగుళముల ఫోను తెర వైశాల్యము సుమారు 16 చదరపు అంగుళములు. 8 అంగుళముల ట్యాబు తెర సుమారు 29 చదరపు అంగుళములు. 10 అంగుళముల ట్యాబు తెర సుమారు 46 చదరపు అంగుళములు, అనగా ఫోనుకు దాదాపు మూడు రెట్లు. ట్యాబు కొనుటలో మనము డబ్బు పెట్టునది ముఖ్యముగా ఈ వైశాల్యము కొరకే అని గుర్తుంచుకొనవలెను.

పదునొకండు ఏండ్ల క్రితపు మాట కాదు, ఇంకను పాతదైన ఒక పాఠము

చవక ట్యాబ్ అను ఆలోచన మన దేశమునకు క్రొత్త కాదు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో నాటి కేంద్ర మానవవనరుల అభివృద్ధి మంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' అను ట్యాబును విద్యార్థుల కొరకు విడుదల చేసిరి. ప్రభుత్వము దానిని ఒక్కొక్కటి సుమారు 2,276 రూపాయలకు కొనినది. అంత తక్కువ వెలకు కంప్యూటరు లభించుట ఆనాడు ప్రపంచమునే ఆకర్షించినది. కాని అందు 7 అంగుళముల తెర, 366 మెగాహెర్ట్జ్ వేగముగల ప్రాసెసరు, 256 ఎం.బి. ర్యామ్, 2,100 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ మాత్రమే ఉండెను. తెరను గట్టిగా నొక్కినగాని పలుకదనియు, పని నెమ్మది యనియు, బ్యాటరీ కొద్ది గంటలకే దిగిపోవుననియు వాడినవారు చెప్పిరి. 2012 నవంబరు 11న నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసిన రెండవ రకములో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, 512 ఎం.బి. ర్యామ్, తాకినంతనే పనిచేయు తెర ఏర్పరచిరి.

ఆ ఉద్దేశము మంచిదే. లోపము ఎక్కడనగా, ముందు వెల నిర్ణయించుకొని ఆ వెలకు ఏమి వచ్చునో అది చేయుటలో ఉన్నది. కొనువాడు దీనికి తారుమారుగా నడువవలెను. ముందు పని నిర్ణయించుకొనవలెను. ఆ పనికి చాలినంత సాధనము ఏదో చూడవలెను. చివరకు వెల అడుగవలెను. మెట్ట దుక్కికి కావలసిన జతను కొనబోయి, చవకగా వచ్చినదని లేగదూడను తోలుకొని వచ్చువాడు ఉండడు గదా.

లెక్క వేయు పద్ధతి

వ్యవసాయ అర్థశాస్త్రములో పాక్షిక ఆయవ్యయ పద్ధతి అని ఒకటి కలదు. సేద్యమంతటి లెక్కను తిరుగవేయక, ఒక క్రొత్త మార్పు వలన ఏమి కలిసివచ్చును, ఏమి పోవును అను దానిని మాత్రమే ఇందు తూచెదరు. నాలుగు ప్రశ్నలు వేసికొనిన చాలును.

1. ఈ మార్పు వలన క్రొత్తగా వచ్చు రాబడి యెంత?
2. ఇంతవరకు అగుచున్న ఖర్చులలో తగ్గునది యెంత?
3. క్రొత్తగా అగు ఖర్చు యెంత?
4. ఇంతవరకు వచ్చుచున్న రాబడిలో పోవునది యెంత?

మొదటి రెండు కలిపి ఒకవైపును, చివరి రెండు కలిపి మరొకవైపును ఉంచి తూచవలెను. ఇందులో ఒక నియమమును మరువరాదు. ఈ మార్పు లేకున్నను లభించు లాభమును దీని ఖాతాలో వ్రాయరాదు. ట్యాబుల విషయములో పెక్కుమంది పొరబడునది ఇచ్చటనే. అమ్మువారు చెప్పు లాభములలో ఎక్కువ భాగము ఇంటిలోనున్న ఫోనే ఇదివరకు ఇచ్చుచున్నది.

ఖర్చు వైపు

ఐదెకరముల సేద్యము, ఒక స్మార్ట్‌ఫోను, తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బిడ్డ గల కుటుంబమును ఉదాహరణముగా తీసికొందము. వారు 11,000 రూపాయల ట్యాబును కొని మూడేండ్లు వాడిరని అనుకొందము. ఇంటర్నెట్టును ఫోను హాట్‌స్పాట్ నుండియే తీసికొందురు, కనుక దానికి వేరు ఖర్చు లేదు.

ట్యాబు వెల - 11,000 రూ.
తొడుగు, తెరపై అద్దము - 900 రూ.
మూడేండ్లలో మరమ్మతులకు - 1,500 రూ.
మూడేండ్ల విద్యుత్తు - 180 రూ.
మొత్తము - 13,580 రూ.

విద్యుత్తు ఖర్చు ఇంత స్వల్పమా యని సందేహింపనవసరము లేదు. 7,000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీని ఒకసారి పూర్తిగా నింపుటకు, నష్టములతో కలిపి, సుమారు 33 వాట్-గంటలు పట్టును. ప్రతిదినము నింపినను ఏడాదికి 12 యూనిట్లు మాత్రమే. యూనిటు 5 రూపాయల చొప్పున 60 రూపాయలగును.

మొత్తమును 36 నెలలకు పంచిన నెలకు సుమారు 377 రూపాయలు. ఇదియే ఆ ట్యాబు యొక్క నిజమైన వెల. ట్యాబు కొరకు ప్రత్యేకముగా సిమ్ తీసికొని నెలకు 200 రూపాయలు కట్టినచో మూడేండ్లకు మరి 7,200 రూపాయలు చేరి, నెలకు 577 అగును. వెల మొత్తమును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏడాది తరువాత తీర్చినచో వడ్డీయే 2,640 రూపాయలు. వాయిదాల పద్ధతిలో "వడ్డీ లేదు" అని చెప్పిన చోట కూడ రుసుము ఏమైన ఉన్నదా, రొక్కమునకు కొనిన తగ్గింపు యెంత అని అడుగవలెను. ఆ తగ్గింపు పోవుటయే వడ్డీ.

ఇక 6,000 రూపాయల ట్యాబు సంగతి చూతము. తక్కువ ర్యామ్, పాత ఆండ్రాయిడ్ గల అట్టి ట్యాబు పదిహేను నెలలకే పనికిరాకుండ పోయినదని అనుకొందము. తొడుగు, విద్యుత్తు కలిపి 6,975 రూపాయలు. పదిహేను నెలలకు పంచిన నెలకు 465 రూపాయలు. 11,000 రూపాయల దానికంటె ఇది నెలకు 88 రూపాయలు ఎక్కువ. వెల చవక అగుట వేరు, వాడకము చవక అగుట వేరు అనుటకు ఇదియే నిదర్శనము. పై ధరలు ఉదాహరణకు మాత్రమే. రైతులు తమ ఊరి ధరలను వేసికొని ఇదే విధముగా లెక్క కట్టవలెను.

రాబడి వైపు

ఇప్పుడు ట్యాబు వలన కలుగునని చెప్పు లాభములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

వాతావరణ సూచనలు: భారత వాతావరణ శాఖ మొదలగు సంస్థలు 2019లో ప్రారంభించిన 'మేఘదూత్' ద్వారా జిల్లాలవారీ సూచనలు లభించుచున్నవి. వాన వచ్చునని తెలిసి యూరియా పైపాటుగా వేయుటను, మందు పిచికారిని వాయిదా వేయుట నిశ్చయముగా లాభమే. కాని ఇది ఫోనులోను లభించును. ట్యాబు ఖాతాలో వ్రాయరాదు.

నిపుణుల సలహా: 2004 నుండి నడచుచున్న కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరుపై ఉచితముగా మాట్లాడవచ్చును. తెలుగులోనే సమాధానము చెప్పుదురు. దీనికి మామూలు బొత్తాముల ఫోను చాలును.

భూమి దస్తావేజులు: ఆంధ్రప్రదేశ్‌లో 'మీభూమి' యందు అడంగల్, 1-బి లను, తెలంగాణలో 2025 ఏప్రిల్ నుండి 'ధరణి' స్థానమున వచ్చిన 'భూభారతి' యందు భూమి వివరములను చూడవచ్చును. ఫోనులోను చూడవచ్చును గాని, పెక్కు వరుసలు గల ఆ పట్టికలను చిన్న తెరపై చదువుట కష్టము. సర్వే నంబరును, విస్తీర్ణమును తప్పుగా చదువుటకు అవకాశము కలదు. ఈ లాభములో కొంత భాగము ట్యాబునకు చెందును.

జమాఖర్చులు: ఎకరమునకు ఎంత విత్తనము, ఎన్ని బస్తాలు, ఎన్ని పిచికారులు, ఎంత కూలి, ఎంత దిగుబడి అని వ్రాసికొను అలవాటు గొప్ప లాభకరము. లెక్క వ్రాయుట వలన ఏడాదికి ఒక్క అనవసరపు పిచికారి తప్పి, ఎకరమునకు 700 రూపాయల చొప్పున ఐదెకరములకు 3,500 రూపాయలు మిగిలినదని అనుకొందము. ఇది ట్యాబు లాభమా? కాదు. 40 రూపాయల నోటుపుస్తకము కూడ ఇదే లాభమునిచ్చును. నోటుపుస్తకములో వ్రాయనివారు ట్యాబు కొనగానే వ్రాయుదురని ఆశించుటకు ఆధారము లేదు. ముందుగా ఒక పంటకాలము పుస్తకములో వ్రాసి చూడవలెను. అది నిలిచిన తరువాత కూడికలు, పోలికలు సులభముగా చేసికొనుటకు ట్యాబు తోడ్పడును.

పురుగులను, తెగుళ్ళను గుర్తించుట: ఇచ్చట పెద్ద తెర ప్రయోజనము కొంత కలదు. ఉదాహరణకు మొక్కజొన్నలో కత్తెర పురుగును 2018లో మన దేశమున మొదటిసారి కర్ణాటకలో గుర్తించిరి. దీని లద్దెపురుగు తలపై తలక్రిందులైన 'వై' ఆకారపు గుర్తును, చివరి నుండి రెండవ ఖండముపై చతురస్రముగా అమరిన నాలుగు నల్లని చుక్కలును ఉండును. ఇట్టి సూక్ష్మ లక్షణములను పెద్ద బొమ్మలో చూచి నేర్చుకొనుట తేలిక. ఇతర లద్దెపురుగులని పొరబడి మందు మార్చి కొట్టుట తగ్గును.

పిల్లల చదువు: ఒకే ఫోను గల ఇంటిలో తండ్రి పొలము నుండి వచ్చువరకు పిల్ల పాఠము చూచుటకు వీలులేదు. ఆయన వచ్చునప్పటికి ప్రొద్దుపోవును. ఫోనులో ఛార్జి ఉండదు. పిల్లకు నిద్ర వచ్చును. ఇంటిలో తమ్ముడు ఉన్నచో ఆడపిల్ల వంతు ఇంకను వెనుకబడును. పాఠములను, పాఠ్యపుస్తకములను ముందుగా ట్యాబులో దింపుకొని ఉంచినచో ఇంటర్నెట్టు లేనప్పుడు కూడ చదువుకొనవచ్చును. చిన్న తెరపై గంటల తరబడి చదువుటకంటె పెద్ద తెర కన్నులకు సుఖము. ఈ లాభము పూర్తిగా ట్యాబునకు చెందునదే. దీనికి రూపాయలలో విలువ కట్టుట కష్టము గాని, లెక్కలో మొదటి స్థానము దీనిదే.

పెద్దల చదువు, సామూహిక వీక్షణము: చూపు మందగించిన పెద్దలు అక్షరములను పెద్దవిగా చేసికొని బ్యాంకు కాగితములను, బీమా షరతులను, ఇట్టి కరపత్రములను స్వయముగా చదువుకొనగలరు. పొదుపు సంఘములోని పదిమంది మహిళలు ఒక ఫోను చుట్టు కూర్చుండి ఒక దృశ్యపాఠమును చూడలేరు. పది అంగుళముల తెరపై ఐదారుగురు చక్కగా చూడగలరు.

ఇట్లు జల్లెడ పట్టగా ట్యాబునకు చెందిన లాభములు మూడే మిగిలినవి. ఇంటిలో ఇద్దరు ఒకే సమయమున వేరువేరు పనులు చేసికొనుట, పెద్ద అక్షరములతో చదువుట, నలుగురు కలిసి చూచుట. ఈ మూడింటికి కలిపి నెలకు 377 రూపాయలు మీ ఇంటికి తగునా, తగదా? నిర్ణయింపవలసిన ప్రశ్న ఇది ఒక్కటియే. దిగుబడి పెరుగునని ఆశించి ట్యాబు కొనరాదు.

ట్యాబు చేయలేని పనులు

1. ఎండలో చదువుటకు పనికిరాదు. చవక ట్యాబుల తెర వెలుగు తరచుగా 300, 400 నిట్ల ప్రాంతమున ఉండును. నీడలో ఇది చాలును. పొలములో మధ్యాహ్నపు ఎండలో తెరపై మన ముఖమే కనిపించును.

2. పురుగుల ఫోటోలు తీయుటకు అంతగా పనికిరాదు. పెక్కు చవక ట్యాబుల కెమెరాలు దగ్గరి వస్తువులను స్పష్టముగా పట్టలేవు. ఫోటో ఫోనుతో తీసి, ట్యాబుపై పెద్దదిగా చూచుట మంచిది.

3. వరిలో నత్రజని అవసరమును తెలిసికొనుటకు వాడు ఆకు రంగుల పట్టికకు బదులుగా తెరపై కనిపించు రంగులను నమ్మరాదు. తెర వెలుగును బట్టి, కంపెనీని బట్టి రంగు మారును. ప్లాస్టిక్ పట్టికనే పొలములో ఆకు ప్రక్కన పెట్టి చూడవలెను.

4. వైఫై మాత్రమే గల ట్యాబులో సిమ్ ఉండదు. కనుక యు.పి.ఐ. చెల్లింపులకు దానిని నమ్ముకొనరాదు. ఓ.టి.పి. లు కూడ ఫోనుకే వచ్చును. సిమ్ గల ట్యాబులలో కూడ కొన్ని ఇంటర్నెట్టుకే గాని మాట్లాడుటకు, సందేశములకు పనికిరావు. ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను.

5. వైఫై ట్యాబులలో కొన్నింటికి జి.పి.ఎస్. ఉండదు. అట్టివానితో పొలము కొలతలు, స్థలము గుర్తుతో ఫోటోలు తీయుట సాధ్యపడదు.

ఇట్లు ట్యాబు ఇంటిలోని సాధనమే గాని పొలములోని సాధనము కాదు. ఫోనుకు తోడుగా పనికివచ్చును. ఫోనుకు బదులుగా పనికిరాదు. ఇంటిలో స్మార్ట్‌ఫోనే లేనివారు ముందుగా కొనవలసినది ఫోనే.

ఎట్టిదానిని ఎంచుకొనవలెను?

ట్యాబు లోపలి రెండు విషయములను రైతులు తేలికగా గ్రహింపవచ్చును. స్టోరేజి అనగా గాదె వంటిది. వస్తువులు నిలువ ఉండు చోటు. ర్యామ్ అనగా కళ్ళము వంటిది. పని జరుగు చోటు. గాదె ఎంత పెద్దదైనను కళ్ళము ఇరుకైనచో నూర్పిడి సాగదు. కనుక ర్యామ్ 4 జి.బి. కి తగ్గరాదు. స్టోరేజి 64 జి.బి. ఉండుట మంచిది. 32 జి.బి. దానిలో గణనీయమైన భాగము ఆండ్రాయిడే ఆక్రమించుకొనును. మెమరీ కార్డు పెట్టు సౌకర్యము ఉండవలెను. "4 + 4, మొత్తము 8 జి.బి. ర్యామ్" అని వ్రాసియున్నచో రెండవ 4 నిజమైన ర్యామ్ కాదు. గాదెలో కొంత చోటును కళ్ళముగా వాడుకొనుట మాత్రమే. దానిని లెక్కలోనికి తీసికొనరాదు.

ఆండ్రాయిడ్ 14 గాని అంతకు పైది గాని ఉండవలెను. పాత ఆండ్రాయిడ్ గల ట్యాబులలో కొంతకాలమునకు బ్యాంకు యాప్‌లు, పాఠముల యాప్‌లు పనిచేయుట మానును. భద్రతా లోపములను సరిదిద్దు మార్పులును రావు. చదువు ముఖ్యమైనచో 10 అంగుళముల తెర తీసికొనవలెను. 8 అంగుళములది తేలికగా ఉండును గాని, పాఠ్యపుస్తకపు పేజీ నిండుగా కనిపింపదు. మారుమూల కంపెనీల ట్యాబు ఎంత చవకైనను, మీ జిల్లా కేంద్రములో గాని దగ్గరి పట్టణములో గాని దాని మరమ్మతు కేంద్రము లేనిచో విడిచిపెట్టవలెను.

దుకాణములో చేయవలసిన పరీక్షలు

ఎద్దును కొనునపుడు పళ్ళు పట్టి చూచి, నాలుగడుగులు నడిపించి, వీలైన ఒక సాలు దున్నించి చూతుము. ట్యాబు విషయములోను అట్లే చేయవలెను. పావుగంట ఓపిక పట్టినచో మూడేండ్ల చికాకు తప్పును.

1. తెలుగు పాఠ్యపుస్తకపు పి.డి.ఎఫ్. ఒకటి తెరిపించి పేజీలు త్రిప్పి చూడవలెను. త్రిప్పిన ప్రతిసారి ఆగిపోవుచున్నచో వద్దనవలెను.
2. ఒక దృశ్యపాఠమును నడిపించి, దాని నుండి మరొకదానికి మారి, తిరిగి రావలెను. మొదటిది మరల మొదటినుండి తెరచుకొనుచున్నచో ర్యామ్ చాలదని అర్థము.
3. సెట్టింగులలో ఆండ్రాయిడ్ సంఖ్యను, భద్రతా మార్పు తేదీని, ఖాళీ స్టోరేజిని స్వయముగా చూడవలెను. పెట్టెపై వ్రాసినదానిని మాత్రమే నమ్మరాదు.
4. దుకాణము వాకిటికి తెచ్చి వెలుతురులో తెరను చూడవలెను. ఆరుబయట పటము తెరచి మన స్థలమును చూపుచున్నదో లేదో పరీక్షింపవలెను.
5. తెలుగులో నాలుగు మాటలు టైపుచేసి, నోటితో చెప్పి వ్రాయించి చూడవలెను.
6. భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు గుర్తు, దానితో నమోదు సంఖ్య ఉన్నవేమో చూడవలెను. ట్యాబులకు ఈ నమోదు తప్పనిసరి. ఇది లేని ట్యాబును, ఛార్జరును ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు.
7. జి.ఎస్.టి. బిల్లుపై ట్యాబు క్రమసంఖ్యను వ్రాయించుకొనవలెను. వెలలో 18 శాతము పన్ను మీరు కట్టుచున్నారు. బిల్లు అడుగుట మీ హక్కు. బిల్లు లేనిదే గ్యారంటీ చెల్లదు.

వస్తువు లోపభూయిష్ఠమై, అమ్మినవారు వినిపించుకొననిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై చెప్పుకొనవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల రూపాయల లోపు వ్యవహారములకు దాఖలు రుసుము లేదు.

కొనిన తరువాత కాపాడుట

లిథియం బ్యాటరీకి ప్రథమ శత్రువు వేడి. 45 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిలో దానిని ఛార్జి చేయుట మంచిది కాదు. మే మాసపు మధ్యాహ్నము రేకుల ఇంటిలో, ట్రాక్టరుపై, మోటారు సైకిలు డబ్బాలో ట్యాబును ఉంచరాదు. పరుపుపైన, దిండు క్రింద పెట్టి ఛార్జి చేయరాదు. రోజు నూరు శాతము నింపక 80 శాతము వద్ద తీసి, 20 శాతమునకు దిగక మునుపే మరల పెట్టినచో బ్యాటరీ ఎక్కువకాలము మన్నును. వోల్టేజి హెచ్చుతగ్గులు ఎక్కువగా నుండు సమయమున, ఉరుములు మెరుపులు వచ్చు సమయమున ఛార్జరును తీసివేయవలెను. బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేచినచో వెంటనే వాడుట మానవలెను. దానిని గుచ్చుట, కాల్చుట, చెత్తకుప్పలో వేయుట ప్రమాదకరము. మరమ్మతు కేంద్రమునకు గాని ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి గాని అప్పగింపవలెను.

పురుగుమందులు కలిపిన చేతులతో, ఎరువుల దుమ్ముతో తెరను తాకరాదు. ఆ తెరనే తరువాత పిల్లలు తాకుదురు.

మోసముల నుండి రక్షణ

పి.ఎం. కిసాన్ పేరుతోను, బ్యాంకుల పేరుతోను వాట్సాప్‌లో ఏ.పి.కె. దస్త్రములను పంపి, వానిని తెరచినవారి ఖాతాలలోని సొమ్మును హరించుట ఇటీవల మన రాష్ట్రములలో జరిగినది. యాప్‌లను ప్లే స్టోరు నుండి తప్ప మరియొక చోటి నుండి దింపుకొనరాదు. పిల్లలు చదువుకొను ట్యాబులో బ్యాంకు యాప్‌లను పెట్టకుండుటయే ఉత్తమము. అప్పులిచ్చు యాప్‌ల జోలికి పోరాదు. మోసము జరిగినచో క్షణమైన ఆలసింపక 1930 నంబరుకు చెప్పవలెను. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము నిలుపుటకు అంత అవకాశము.

పిల్లల ట్యాబులో ఆటలు, దృశ్యములు చదువును మ్రింగివేయుటయు ఒక నష్టమే. లెక్కలోని నాలుగవ ప్రశ్న - పోవు రాబడి - ఇచ్చట వర్తించును. చదువుకు ఒక వేళను, ఇంటిలో నలుగురు కూర్చుండు చోటును ఏర్పరచవలెను. రాత్రి పడుకొనునపుడు ట్యాబు పెద్దల గదిలో ఉండవలెను.

ఎవరు కొనవచ్చును? ఎవరు ఆగవలెను?

కొనదగినవారు: ఇంటిలో 8వ తరగతి పైబడిన బిడ్డలు ఉండి, ఒకే స్మార్ట్‌ఫోను గలిగి, పంట అమ్మిన సొమ్ములో నుండి అప్పు లేకుండ కొనగలవారు.

కలిసి కొనదగినవారు: పొదుపు సంఘములు, రైతు ఉత్పత్తిదారుల సంఘములు. పదిమంది కలిసి కొనినచో పై లెక్క ప్రకారము ఒక్కొక్కరికి మూడేండ్లకు 1,358 రూపాయలు, అనగా నెలకు 38 రూపాయలు మాత్రమే. అయితే ట్యాబు ఎవరి ఇంట ఉండును, పగిలిన ఎవరు భరింతురు అను విషయములను ముందుగానే సంఘపు పుస్తకములో వ్రాసికొనవలెను.

ఆగవలసినవారు: విత్తనముల డబ్బుతో గాని వడ్డీకి తెచ్చి గాని కొనదలచినవారు. భూసార పరీక్ష చేయింపక, విత్తనశుద్ధి చేయక, పురుగుల ఉనికిని తెలుపు లింగాకర్షక బుట్టలు పెట్టక ముందే ట్యాబు వలన సేద్యము బాగుపడునని తలచువారు. ఆ పనులకు అగు ఖర్చు తక్కువ, ఫలము దగ్గర. కౌలురైతులకు భూమి దస్తావేజులు చూచు లాభము కూడ తక్కువే గనుక వారు పిల్లల చదువు ఒక్కదానినే ఆధారముగా పెట్టుకొని నిర్ణయించుకొనవలెను.

ముఖ్య విషయములు

1. ముందు పని, తరువాత సాధనము, చివరకు వెల.
2. ఫోను, నోటుపుస్తకము ఇచ్చు లాభములను ట్యాబు ఖాతాలో వ్రాయరాదు.
3. వెలను వాడు నెలలతో భాగించి చూడవలెను. అతి చవకది తరచు అధిక ఖరీదగును.
4. 4 జి.బి. నిజమైన ర్యామ్, 64 జి.బి. స్టోరేజి, ఆండ్రాయిడ్ 14, పది అంగుళముల తెర, దగ్గరలో మరమ్మతు కేంద్రము - ఈ ఐదింటిలో ఏది లేకున్నను తొందరపడరాదు.
5. విత్తనముల సొమ్మును ముట్టరాదు.

రైతు సోదరులును, సోదరీమణులును పై నాలుగు ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసి, ఇంటిల్లిపాది కూర్చుండి, చదువుకొను బిడ్డను కూడ కూర్చుండబెట్టుకొని లెక్క వేయవలెనని కోరుచున్నాము. ఖరీఫ్ పెట్టుబడులు ముగిసి, పంట ఇంటికి వచ్చిన పిదప కూడ ఆ లెక్క సరియే అని తోచినచో నిస్సందేహముగా కొనవచ్చును. తోచనిచో ఆ సొమ్ము రబీ విత్తనములకు అక్కరకు వచ్చును.